నడివయస్సు భోజనము – ఇందూరు సీమ అనుభవము

నలువదియైదేండ్లు దాటిన గృహస్థునకు నడుము చుట్టును రెండంగుళములు పెరిగినచో, వెనుకటి దినములలో ఇరుగుపొరుగువారు "ఒళ్లు చేసినాడు, ఇంట కలిమి చేరినది" అని సంతోషించెడివారు. నేడు అదే రెండంగుళములను చూచి వైద్యుడు రక్తపరీక్ష వ్రాయుచున్నాడు. ఈ మార్పు ఎట్లు వచ్చినది? దీనికి విరుగుడుగా ఊరూర వినబడుచున్న 'మాంసకృత్తులు హెచ్చుగా గల భోజనము' నిజముగా క్రొత్తదియా, లేక మన తాతల వంటయింటి నుండి మనకు తెలియకయే జారిపోయినదియా? ఒక సీమ చరిత్రను తోడు తీసికొని ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుదము.

ఆ సీమ ఇందూరు. నేటి నిజామాబాదునకు అది పాత పేరు. జిల్లాకు తూర్పు కొసనున్న ఏర్గట్ల మొదలు, పడమట మహారాష్ట్ర సరిహద్దు చేరువనున్న బోధను వరకు ఈ సీమ వ్యాపించియున్నది. ఏర్గట్ల 2016లో మండల కేంద్రమైనది; వ్యవసాయమే దానికి ఆధారము. బోధను మాత్రము మిక్కిలి ప్రాచీనము. బౌద్ధ గ్రంథములు పేర్కొన్న పదునారు మహాజనపదములలో నొకటియగు అశ్మకమునకు రాజధానియైన పోదనము ఈ బోధనే యని పలువురు చరిత్రకారులు తలంచుచున్నారు. అంత పాత నేలపై జనుల భోజనము వందల యేండ్లు పెద్దగా మారలేదు. మారినదంతయు గడచిన నూరేండ్లలోనే.

నూరేండ్ల క్రిందటి ఏర్గట్ల వంటి పల్లెను ఊహించుకొనుడు. చెరువు క్రింద కొంత వరి లేకపోలేదు. కాని ఆ వరియన్నము పండుగకును, చుట్టముల రాకకును, కలవారి పంక్తికిని చెందినది. తక్కిన దినములలో జొన్నరొట్టె, జొన్న గట్క, అంబలి. జొన్న చేనిలోనే సాళ్ల నడుమ కంది, పెసర, అనుము, బొబ్బర పెరిగెడివి. పంట చేతికి వచ్చు కాలమున అనపగింజలను, బొబ్బర్లను ఉడికించి గుడాలుగా తినుట పిల్లలకును పెద్దలకును వేడుక. ఉలవలు ఎద్దులకు ఉడికించి, ఆ కట్టును మనుష్యులు చారుగా కాచుకొనెడివారు. పుంటికూర, పచ్చిపులుసు, పాడి యున్నవారికి చల్ల, అప్పుడప్పుడు కోడి, చెరువు చేప. ఇట్టి భోజనమును నాగరకులు చిన్నచూపు చూచుటయు క్రొత్త కాదు. శ్రీనాథునివని చెప్పబడు చాటువులలో పల్నాటి జొన్నకూటిపై విసుగు కనబడుచునేయున్నది. సన్నన్నము తినువాడు గొప్పవాడు, జొన్న తినువాడు బీదవాడు అను భావము మన మనస్సులలో అంత లోతుగా నాటుకొనినది.

ఇందూరు సీమకు సన్నన్నమును తెచ్చినది మంజీరా నది. 1923లో ఆ నదిపై నిజాంసాగరము నిర్మాణము ఆరంభమై 1931లో ముగిసినది. ప్రసిద్ధ ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ దీనికి రూపకర్త. కాలువల వెంట వరియు చెరకును విరివిగా పెరిగినవి. కృష్ణా గోదావరి మండలముల నుండి తడిసాగు నెరిగిన రైతులు వచ్చి స్థిరపడిరి. వారు వెలయించిన ఊళ్లు నేటికిని 'క్యాంపు' అను పేరుతో పిలువబడుచున్నవి. 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆసియాలోనే పెద్దదని దానికి ఒకప్పుడు పేరుండెను. 1963లో ఏర్గట్లకు ఎంతో దూరము లేని పోచంపాడు వద్ద నెహ్రూ మరియొక గొప్ప ఆనకట్టకు పునాది వేసిరి, అదియే శ్రీరామసాగరము. 1983లో రాష్ట్ర ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యమిచ్చుట మొదలిడినది. అప్పటితో, పండుగనాటి అన్నము బీదవాని ఇంట కూడ ప్రతిదినపు టన్నమైనది.

ఇది గొప్ప మేలు. ఆకలిని తరిమిన ప్రతి చెరువునకును, ప్రతి కాలువకును, ప్రతి చౌకదుకాణమునకును మనము ఋణపడియున్నాము. కాని గిన్నెలోనికి అన్నము ఎంత వచ్చినదో పప్పు అంత రాలేదు. జొన్న చేలు తగ్గగా వాని సాళ్ల నడుమ నున్న కందియు, అనుమును, బొబ్బరయు తగ్గినవి. నేడు ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములలో ఎర్రజొన్న విస్తారముగా పండుచున్నది. కాని అది మన రొట్టెకు గాక, ఉత్తరదేశమునకు పశుగ్రాసపు విత్తనముగా పోవుచున్నది. బోధను చక్కెర మాత్రము ఇంటింట చాయలో చేరినది. 2015లో ఆ కర్మాగారము మూతపడినది. చాయలో చక్కెర తగ్గలేదు.

భోజనముతో పాటు శ్రమయు మారినది. నాగలి పోయి ట్రాక్టరు, మోట పోయి మోటారు వచ్చినవి. ఈ జిల్లాలో వేలకొలది స్త్రీలు దినమంతయు చాటను ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుదురు. చేతివ్రేళ్లు తప్ప తక్కిన దేహము కదలని పని అది. ఎడారి దేశములలో కష్టించి ఏబదియవ యేట తిరిగివచ్చిన పురుషుడు ఇంటి అరుగుపై విశ్రాంతి కోరును. అన్నము పాతవాని పాలు, శ్రమ క్రొత్తవాని పాలు అయినచో మిగిలినది నడుము చుట్టును చేరును.

అయినను గతమంతయు స్వర్ణయుగమని భ్రమపడరాదు. ఈ మాటకు ప్రబలమైన సాక్ష్యము హైదరాబాదుననే కలదు. 1918లో సర్ రాబర్ట్ మెక్కారిసన్ కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించెను. ఆ సంస్థయే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది. ఇక్కడికి వచ్చిన పిదప శాస్త్రజ్ఞులకు దక్కను పీఠభూమి బీదలలో పెల్లాగ్రా అను వ్యాధి కనబడినది. ఎండ తగులు మెడయు చేతులును నల్లబారి మొరటుబడుట, విరేచనములు, మతిభ్రమణము దాని లక్షణములు. రోగులు ప్రధానముగా జొన్నపైననే జీవించువారు. 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకాంతియా ఒక ప్రతిపాదన ప్రకటించిరి: జొన్నలోని మాంసకృత్తులలో లూసిను అను అంశము మిక్కుటముగా నుండుట వలన, నియాసిను అను విటమిను దేహములో తయారగుటకు అడ్డు కలుగుచున్నదని. ఆ ప్రతిపాదనపై తరువాత చర్చలు జరిగినవి. కాని గృహిణికి కావలసిన పాఠము స్పష్టమే. జొన్న మంచిదే, జొన్న ఒక్కటే చాలదు. దాని ప్రక్కన పప్పు, చల్ల, ఆకుకూర ఉండవలయును. అవి లేని బీదవాని జొన్నకూడు ఆరోగ్యము కాదు, లేమి. వింత యేమనగా, ఆనాడు అనుమానింపబడిన ఆ లూసినే నేడు కండలు పెంచు పొడి డబ్బాలపై పెద్ద అక్షరములతో అచ్చగుచున్నది.

ఇక నడివయస్సు బరువునకు వత్తము. స్థూలకాయము నేటి రోగమని తలంచుట పొరపాటు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము అతిస్థూలుని గూర్చియు అతికృశుని గూర్చియు వివరించుచు, ఇరువురిలో స్థూలుని చికిత్సయే కష్టతరమని తేల్చినది. అట్టివానికి అక్కడ విధింపబడిన ఆహారమును చూడుడు: యవలు, కొర్రలు, ఆరికలు, వ్యాఖ్యాతలు జొన్నయని గుర్తించిన జూర్ణాహ్వము, పెసలు, ఉలవలు, కందులు, చేదుపొట్ల, ఉసిరిక. చిరుధాన్యమును కాయధాన్యమును జోడించిన ఆ పట్టిక, ఏర్గట్ల తాతగారి కంచమును చూచి వ్రాసినట్లే యున్నది.

పడమటి దేశములలో ఈ విషయము ప్రజల నోళ్ల బడినది 1863లో. లండనునందు విలియం బాంటింగ్ అను అంత్యక్రియల నిర్వాహకు డుండెను. అరువదియారేండ్ల వయస్సున 202 పౌన్ల బరువుతో మెట్లు దిగుటకే ఆయాసపడెడివాడు. చెవుడునకు చికిత్స కోరి పోయినపుడు, విలియం హార్వీ అను వైద్యుడు రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మాని మాంసము, చేప ప్రధానముగా భుజింపుమని చెప్పెను. ఏడాది కాలములో బాంటింగ్ 46 పౌన్లు తగ్గి, తన అనుభవమును చిన్న పుస్తకముగా ప్రకటించెను. ఆంగ్లభాషలో అతని పేరే కొంతకాలము పథ్యమునకు పర్యాయపదమైనది. ప్రోటీను అను పేరు అప్పటికి పాతికేండ్ల క్రిందటనే, 1838లో, శాస్త్రములో ప్రవేశించియున్నది. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో ఫిస్కేతో కూడి కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును వెల్లడించిన పిదప, కండ అనునది కేవలము బలమునకు గుర్తు గాక నిరంతరము శక్తిని వ్యయించు కార్ఖానా అని లోకమునకు మరింత విశదమైనది.

1960 దశకమున ప్రపంచము మాంసకృత్తుల విషయమై గొప్ప భయమునకు లోనయ్యెను. 1968లో ఐక్యరాజ్యసమితి రానున్న 'ప్రోటీను సంక్షోభము'ను గూర్చి హెచ్చరిక వెలువరించినది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఈ ఆవేశమునకు లోబడలేదు. బీదపిల్లలకు లోపించినది ప్రత్యేకముగా మాంసకృత్తులు కావనియు, కడుపునిండ తిండియే యనియు, ధాన్యమును పప్పును కలిపి కడుపునిండ పెట్టినచో మాంసకృత్తుల అవసరము చాలవరకు తీరుననియు గోపాలన్ వాదించెను. గోధుమ, శనగ, వేరుసెనగ, బెల్లము కలిపి వారు రూపొందించిన పిల్లల ఆహారము 'హైదరాబాదు మిక్సు' అను పేర ప్రసిద్ధికెక్కెను. 1974లో పడమటి వైద్యపత్రికలోనే ఆ పాత భయము పెద్ద పొరపాటని వ్యాసము వచ్చినది. కనుక మాంసకృత్తుల పేరు చెప్పి లోకము తొందరపడుట ఇది మొదటిసారి కాదని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

అయితే ఆకలిగొన్న బిడ్డకు వర్తించిన లెక్క, కూర్చుండి పనిచేయు నడివయస్కునకు తలక్రిందులుగా వర్తించును. బిడ్డకు లోటు తిండిలో. ఇతనికి తిండి మిక్కుటము. అందులో మాంసకృత్తుల వంతు తక్కువ.

నడివయస్సున లావెక్కుటకు దేహములోని జఠరాగ్ని మందగించుటయే కారణమని మనము చెప్పుకొందుము. 2021లో 29 దేశములకు చెందిన సుమారు 6,400 మందిని పరీక్షించి వెలువరించిన పరిశోధన ఈ నమ్మకమును సవరించినది. దేహములోని కండను లెక్కకు తీసికొనినచో, ఇరువది మొదలు అరువదియేండ్ల వరకు ఆ అగ్ని ఇంచుమించు సమముగనే మండుచున్నదని తేలినది. తగ్గునది కండయు, కదలికయు. ముప్పది దాటిన పిదప శ్రమ లేని దేహమునందు కండ మెల్లమెల్లగా కరగును. ఆ తావున కొవ్వు చేరును. త్రాసు ముల్లు కదలకున్నను లోపల ఈ మార్పిడి జరుగుచునేయుండును.

మనవారిలో ఇది మరింత ప్రమాదకరము. 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటిషు వైద్యుడు యుడ్కిన్ తమ ఇరువురి చిత్రమును ఒక పత్రికలో ప్రకటించిరి. ఎత్తుకు తగిన బరువును తెలుపు సూచిక ఇరువురికిని 22.3. కాని దేహములో కొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9.1, యాజ్ఞిక్‌కు 21.2. సన్నగా కనబడు భారతీయుని లోపల ఎంత కొవ్వు దాగియుండునో ఆ ఒక్క చిత్రము చాటినది. 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలనలో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల మంది యని తేలుటకు ఇది ఒక ముఖ్యకారణము. అందుచేత మన యిండ్లలో త్రాసు కంటె నడుమునకు చుట్టు కొలనాడయే నమ్మదగిన సాక్షి. పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్త వహింపవలయును.

మాంసకృత్తులు ఇచ్చట మూడు విధముల సాయపడును. మొదటిది, అవి కడుపును చాలసేపు నిండుగా నుంచును. పప్పు దండిగా తిన్నవానికి సాయంత్రము మిఠాయి యెడ మనస్సు అంతగా పోదు. రెండవది, వానిని జీర్ణించుకొనుటకే వానిలోని శక్తిలో నూటికి 20 నుండి 30 వంతులు వ్యయమగును. పిండిపదార్థములకు అందులో మూడవ వంతైనను పట్టదు. మూడవది ముఖ్యమైనది: బరువు తగ్గునపుడు కొవ్వుతో పాటు కండ కూడ కరగిపోకుండ అవి కాపాడును. కాని ఈ కాపుదల ఊరక కూర్చుండువానికి పూర్తిగా దక్కదు. నడక, మెట్లెక్కుట, బరువులెత్తుట వంటి శ్రమ తోడైననే అది ఫలించును. అన్నము తగ్గింపక పప్పు మాత్రము పెంచినచో బరువు తగ్గదు, పెరుగును.

లెక్క చూతము. బియ్యము 100 గ్రాములలో మాంసకృత్తులు 7, 8 గ్రాములు, జొన్నలో సుమారు 10, కందిపప్పు, ఉలవలలో 22, పెసరపప్పులో 24, కోడిమాంసములో సుమారు 20, ఒక గ్రుడ్డులో 6. పప్పును బియ్యమును శక్తిలో ఇంచుమించు సమానములే. కాని 100 గ్రాముల పప్పు ఇచ్చు మాంసకృత్తులను బియ్యము ద్వారా పొందగోరినచో 300 గ్రాములు తినవలయును. దానితో వేయి కెలోరీలు లోపలికి పోవును. మన భోజనపు చిక్కంతయు ఈ ఒక్క లెక్కలో నున్నది.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారము, దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 60 కిలోల వానికి 50 గ్రాములు. బరువు తగ్గదలచిన నడివయస్కునకు కిలోకు ఒక గ్రాము, ఇంకను కొంచెము ఎక్కువ మంచిదని పలువురు వైద్యుల అభిప్రాయము. దీనికి విదేశపు డబ్బా అక్కరలేదు. రెండు పూటల కలిసి 100 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు, 100 గ్రాముల బియ్యపు అన్నము, 60 గ్రాముల పప్పు, 50 గ్రాముల పెసల లేక ఉలవల గుడాలు, పెద్ద గ్లాసెడు పాలో పెరుగో, రెండు గ్రుడ్లు – ఇవి చేరినచో 60 గ్రాములకు లోటుండదు. గ్రుడ్డు ముట్టనివారు పెరుగును, గుడాలను పెంచుకొనవచ్చును. జొన్నలో లోపించు లైసిను పప్పులో కలదు; పప్పులో కొరవడునది ధాన్యములో కలదు. రొట్టెను పప్పుతో నంజుకొన్న పూర్వులు ఈ రసాయనము నెరుగకయే దానిని ఆచరించిరి. మాంసాహారులకు ఆర్మూరు చెంత అంకాపూరు నాటుకోడి ఉండనే యున్నది. అయితే నూనెలో తేలు కూరతో పళ్లెము నిండ అన్నము తినినచో కోడి చేసిన మేలును అన్నమును నూనెయు హరించును.

పొడుల విషయమున 2024లో ఆ సంస్థయే ప్రజలకు హితవు చెప్పినది. కండల కొరకు మాంసకృత్తుల పొడులను వాడవలదనియు, సామాన్యాహారముననే అవి లభించుననియు దాని సారాంశము. మూత్రపిండముల వ్యాధి గలవారును, చిరకాలము మధుమేహము, రక్తపుపోటు ఉన్నవారును వైద్యుని అడుగకుండ మాంసకృత్తులను పెంచరాదు. మధుమేహమునకు మందు వాడువారు అన్నము ఒక్కసారిగా తగ్గించినను రక్తములో చక్కెర పడిపోవచ్చును. వీరికి మార్పు వైద్యుని ఎరుకలోనే జరుగవలయును.

చివరగా మన యిండ్లలో ఎవరును లెక్కపెట్టని విషయము ఒకటి కలదు. పంక్తిలో మొదట పురుషులు, పిల్లలు, చివర గృహిణి. ఆమె కూర్చుండు వేళకు పప్పు అడుగంటును, గ్రుడ్లు మిగులవు. అన్నము, పచ్చడి, చారు మిగులును. అవి పారవేయుట ఇష్టములేక ఆమెయే తినును. నలువదియైదు దాటిన పిదప ఆమె ఎముకయు కండయు త్వరగా క్షీణించు కాలమున ఆమెకు దక్కు భోజనమిది. ఇంటిలో అందరికంటె బరువు పెరిగినది ఆమెయే యైనచో, అది తిండిపోతుతనము కాదు, వడ్డనలోని అన్యాయము. బరువు తగ్గింప దలచిన కుటుంబము మొదట మార్చవలసినది వడ్డించు వరుసను.

నిజాంసాగరము కట్టిన తరము మనకు అన్నము నిచ్చినది. దాని ప్రక్కన తాతల నాటి పప్పును, గుడాలను, రొట్టెను మరల చేర్చుట మన తరము పని. ఈ సాయంత్రము పొయ్యి వెలిగించునపుడు బియ్యము ఒక గ్లాసు తగ్గించి, పప్పు ఒక గుప్పెడు పెంచి, ఇంటిల్లిపాదియు ఒకే పంక్తిని కూర్చుండుడు.